తోరమల్లి ప్రయాణం

మన కావ్యాలలో నాయిక అరాళకుంతల. అరాళమంటే వంకర. వంకర అన్న విశేషణం బుద్ధికి తగిలితే నింద, ముంగురులకు తగిలితే స్తుతి. ముప్పై ఏండ్లు తరగతిలో ఈ మాటే చెప్పినవాణ్ణి. మొన్న నా మనుమరాలు ఆ వంకరలు తీర్చే హెయిర్ స్ట్రెయిట్‌నర్ కొనడానికి నన్ను వెంటబెట్టుకొని పోయి, రెండు పెట్టెలు చూపి “తాతయ్యా, సిరామిక్ పలకలది తీసుకోనా, టూర్మలీన్‌దా?” అని అడిగింది. రెండవదాని ధర ఎక్కువ. నేనేమో ఆ పేరు దగ్గరే ఆగిపోయాను.

టూర్మలీన్ సింహళ పదం నుండి వచ్చినది. కొన్ని రంగురాళ్ళను అక్కడ ‘తోరమల్లి’ అనేవారు. తోరమనీ మల్లి అనీ విడదీసి తెలుగు చేసుకోవాలని మనసు పీకుతుంది గాని, అది పండితుడు చేయదగిన పని కాదు. మన నవరత్నాలలో దీనికి చోటు లేదు. 18వ శతాబ్ది ఆరంభంలో డచ్చి వర్తకులు సింహళం నుండి ఈ రాళ్ళను హాలెండుకు చేర్చారు. వేడి చేస్తే ఇది బూడిదను తనవైపు లాక్కొంటుందని గమనించి, పొగాకు గొట్టాలలోని బూడిద తీయడానికి వాడుకొని, ‘బూడిద లాగేది’ అని పేరు కూడా పెట్టారు! 1747లో లిన్నేయస్ దీనిని ‘విద్యుచ్ఛిల’ అన్నాడు. 1756లో ఏపినస్ బెర్లినులో ఆ ఆకర్షణ విద్యుత్తు వలననేనని ప్రయోగపూర్వకంగా చూపాడు.

ఆ గుణమే నేడు పెట్టె మీద ‘అయానులతో జుట్టుకు నునుపు’ అన్న ప్రకటన అయి కూర్చున్నది. అయితే ఈ రాయిలో ఆవేశం పుట్టేది వేడి పెరుగుతున్నప్పుడో తగ్గుతున్నప్పుడో మాత్రమే. వేడి నిలకడగా ఉంటే పుట్టదు. పైగా పలక పూతలో ఉండేది దాని పొడి. రేణువులు తలా ఒక దిక్కుకు తిరిగి ఉంటే, ఒకదాని ఆవేశాన్ని మరొకటి చెరిపివేస్తుంది. అధిక ధర దేనికో నాకు బోధపడలేదు.

జుట్టును చక్కబరిచేది వేడి. వెండ్రుకలోని కెరాటిన్‌లో హైడ్రోజన్ బంధాలు వేడికి సడలి, చల్లారాక కొత్త భంగిమలో ముడిపడతాయి. 1872లో పారిస్‌లో మార్సెల్ గ్రాటో పటకారు కాచి జుట్టుకు అలలు తీర్చినదీ ఈ సూత్రంతోనే. అప్పట్లో వేడికి కొలత కాగితం ముక్క. పటకారు ఒత్తితే కాగితం మాడిందా, ఇంకా చల్లారాలన్నమాట. సిరామిక్ పూత వేడిని సమంగా పంచుతుంది; టైటానియం త్వరగా కాగుతుంది, చేయి తిరగనివారికి అదే ప్రమాదం. తడి జుట్టు మీద ఏ పలక పెట్టినా లోపలి నీరు ఆవిరై, వెండ్రుక బుడగలు కట్టి విరుగుతుంది.

వేడి తగ్గించే మీట ఉన్నది చూసి సిరామిక్‌దే కొన్నాము. మరునాడు వాన. ఆ బంధాలకు తేమ పడదు. సాయంత్రానికి పిల్ల మళ్ళీ అరాళకుంతలయై ఇంటికి వచ్చింది.