గీత దాటితే వేరే ఖాకీ

అర్ధరాత్రి దాటింది. శంషాబాద్ విమానాశ్రయంలో డిపార్చర్స్ ముందు కారు దిగారు మీరు. జగిత్యాల, కామారెడ్డి వైపు నుంచి బండ్లు కట్టుకొచ్చిన కుటుంబాలతో ఫుట్‌పాత్ నిండిపోయింది. తాళ్లు బిగించిన అట్టపెట్టెల మీద పేరూ, ఫోన్ నంబరూ, కింద పెద్దక్షరాల్లో మస్కట్. పోయేది ఒక్కడు, సాగనంపేది పదిమంది. "పైలం బిడ్డా, దిగంగనే ఫోన్ జెయ్యి" అంటోంది ఓ తల్లి.

అద్దాల తలుపు దగ్గర ఖాకీ జవాను మీ టికెట్ చూస్తాడు, పాస్‌పోర్టు చూస్తాడు, ముఖం చూస్తాడు. ప్రశ్న హిందీలో. భుజం మీద సీఐఎస్ఎఫ్ అక్షరాలు, అంటే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం. మీ వెనకాల రోడ్డు మీద నిలబడ్డ మనిషిదీ ఖాకీయే, కానీ ఆయన తెలంగాణ పోలీసు. ఒకరికి జీతం ఢిల్లీ లెక్కలోది, ఇంకొకరికి హైదరాబాద్ లెక్కలోది. ఇద్దరికీ చట్టాలు వేరు.

ఈ విమానాశ్రయం 5,495 ఎకరాలు, అంటే సుమారు 22 చదరపు కిలోమీటర్లు. పసిఫిక్ సముద్రంలోని నౌరూ దేశం మొత్తం 21. ఆ ద్వీపానికి సైన్యం లేదు, ఉన్నదల్లా ఒక్క పోలీసు దళం. ఇక్కడ మాత్రం అడుగడుగునా చేతులు మారతాయి. పాస్‌పోర్టు ఇమిగ్రేషన్ వాళ్లది, తిరిగొచ్చేటప్పుడు బంగారం సంగతి తెల్ల యూనిఫాం కస్టమ్స్‌ది. భద్రతకు నియమాలు రాసేది మరో సంస్థ, పౌర విమానయాన భద్రతా బ్యూరో. అమలు చేసేది జవాన్లు.

ఇమిగ్రేషన్ దగ్గర ముందే నమోదు చేసుకున్నవాళ్లు 2025లో వచ్చిన ఈ-గేట్ల గుండా నడిచిపోతారు. అట్టపెట్టెల కుర్రాడు మాత్రం కౌంటరు ముందు వరసలోనే నిలబడ్డాడు. యంత్రాలు ముందుగా ఎవరికి దారిస్తాయో ఈ హాల్లో కాసేపు నిలబడితే తెలుస్తుంది.

ఇక తనిఖీ. బెల్టు, పర్సు, ఫోను ట్రేలోకి. డిటెక్టర్ ద్వారం కూసింది. పీటెక్కి చేతులు చాచండి. జవాను చేతి యంత్రంతో మిమ్మల్ని తడుముతుంటే, పక్కన తెర చాటున మహిళా కానిస్టేబుల్ ఆడవాళ్లను చూస్తోంది. ఎక్స్‌రే తెర మీద మీ సంచీ రంగులుగా విడిపోయింది: తిండి, బట్టలు నారింజ, లోహం నీలం. తెర ముందు కూర్చున్నవాళ్లు కునుకు తీయకుండా కంప్యూటరే అప్పుడప్పుడూ లేని తుపాకీ బొమ్మను ఎవరి సంచీలోనో చూపిస్తుంది, పట్టుకుంటారో లేదోనని.

కర్మాగారాల కాపలాకు 1969లో పుట్టిన దళం సీఐఎస్ఎఫ్. శిక్షణాలయం నగరానికి అవతలి కొసన, హకీంపేటలో. 1999 డిసెంబర్‌లో ఖాట్మండులో బయల్దేరిన విమానాన్ని హైజాకర్లు కాందహార్‌కు మళ్లించాక, రాష్ట్ర పోలీసుల చేతిలోని విమానాశ్రయాల కాపలా సీఐఎస్ఎఫ్‌కు మారడం మొదలైంది. మొదటిది జైపూర్, 2000 ఫిబ్రవరిలో.

బెల్టు ఆగింది. మీ ముందాయన సంచీని పక్కకు లాగారు. అడుగున ఒక తూటా. "మా బాపుది సార్, పాత సంచీ, చూస్కోలే" అంటున్నాడు చెమట తుడుచుకుంటూ. ఇలా మరిచిపోయిన తూటాలు దొరకడం ఇక్కడివాళ్లకు కొత్తేమీ కాదు. సీఐఎస్ఎఫ్ ఆయన్ను ఆపగలదు, పట్టుకోగలదు. దర్యాప్తు మాత్రం దాని పని కాదు. ఆలస్యం చేయకుండా పోలీసులకు అప్పగించాలి. అంటే ఈ విమానాశ్రయం పేరే పెట్టుకున్న ఆర్జీఐఏ పోలీస్ స్టేషన్‌కు.

చేతులు మారే చోటే జారిపోతాయి కొన్ని. 2019 నవంబర్ 27 రాత్రి తొండుపల్లి టోల్‌గేటు దగ్గర ఒక యువ పశువైద్యురాలు కనిపించకుండా పోతే, మా పరిధి కాదంటూ ఆమె ఇంటివాళ్లను స్టేషన్ నుంచి స్టేషన్‌కు తిప్పారు. ఒక ఎస్సై, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లు సస్పెండయ్యారు. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు రాసుకోవాల్సిందేనన్న జీరో ఎఫ్ఐఆర్ మాట జనం నోట పడింది అప్పుడే.

తూటాను కవరులో పెట్టి కాగితం రాస్తున్నారు. దానికి లైసెన్సుందా, ఉంటే ఎవరి పేరనుంది, కాగితాలు ఇంట్లో ఎవరైనా ఫొటో తీసి పంపగలరా? ఆయన వణుకుతున్న వేళ్లతో ఊరికి ఫోన్ కలుపుతున్నాడు. మైకులో మస్కట్ విమానానికి ఆఖరి పిలుపు.