కరెంటు, కీమో ఒకే రోజున

వికారాబాద్ జిల్లా దోమ వైపు ఊపిరితిత్తుల జబ్బంటే పెద్దలకు గుర్తొచ్చేది అనంతగిరి గుట్ట మీది క్షయ దవాఖాన. దగ్గు తగ్గకపోతే టీబీయే అనుకుంటారు. ఆ అనుమానంతోనే నెలలు గడిచి, క్యాన్సరని తేలేసరికి చాలామందికి ఆపరేషన్ దశ దాటిపోతుంది. జబ్బు ఇంకా ఛాతీ దాటకపోతే డాక్టర్లు చెప్పే మాట: కరెంటు, కీమో కలిపి ఇస్తాం. ఆ ‘కలిపి’ వెనక వందేళ్ల శ్రమ ఉంది.

జనం కరెంటు అనే రేడియేషన్ ముందు పుట్టింది. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్నాక కొద్దికాలానికే వైద్యులు వాటిని గడ్డలపై ప్రయోగించారు. 

కీమో తొలి అడుగుల్లో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ మందుతో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం ఇవ్వగలిగాడు. 1965లో శాస్త్రవేత్త రోజెన్‌బర్గ్ బ్యాక్టీరియా మీద విద్యుత్తు ప్రభావాన్ని పరీక్షిస్తుండగా, ప్లాటినం కడ్డీల నుంచి కరిగిన పదార్థం కణ విభజనను ఆపేసింది. అలా దొరికిన కీమో మందే సిస్‌ప్లాటిన్.

రేడియేషన్ కణంలోని డీఎన్ఏను తెంచుతుంది. సిస్‌ప్లాటిన్ దాన్ని మళ్లీ అతుక్కోనివ్వదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు 1990లో అమెరికా వైద్యులు ముందు కీమో, తర్వాత రేడియేషన్ ఇస్తే మధ్యస్థ (మీడియన్) ఆయుష్షు, రేడియేషన్ ఒక్కటే ఇచ్చినప్పటి 9.7 నెలల నుంచి 13.8కి పెరిగింది. 1992లో యూరప్‌లో రేడియేషన్‌తో పాటు రోజూ కాస్త సిస్‌ప్లాటిన్ ఇచ్చారు. మూడేళ్లు బతికినవారు 2 శాతం నుంచి 16 శాతమయ్యారు. ఒకదాని తర్వాత ఒకటి కన్నా రెండూ ఒకేసారి ఇవ్వడమే మేలని 1999లో జపాన్ వైద్యులు చూపారు. అయితే గొంతు దిగువన మంట, రక్తకణాలు తగ్గడం కూడా ఎక్కువే. అందుకే ఒళ్లు తట్టుకోగలవారికే ఈ పద్ధతి. రేడియేషన్ మోతాదును 60 గ్రేల (దాని కొలమానం) నుంచి 74కు పెంచితే మేలు జరగలేదని 2015లో తేలింది. ఇప్పుడు, ఈ జంట చికిత్స తర్వాత ఏడాది పాటు ఇచ్చే డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇంకొన్ని ప్రాణాలు నిలుపుతోంది.

60 గ్రేలంటే 30 సిట్టింగులు, వారానికి ఐదు చొప్పున ఆరు వారాలు. నడుమ రోజులు జారితే ఫలితం తగ్గుతుంది. చికిత్స ఖర్చు ఆరోగ్యశ్రీ మోసినా, దోమ నుంచి పట్నం వెళ్లి ఉండే ఆ ఆరు వారాలు కుటుంబమే మోయాలి. పొలం చూసే చెయ్యి, తోడుండే మనిషి కూడా ఆ మందులో భాగమే. అంతకన్నా ముందు, కళ్లె పరీక్షలో టీబీ లేదని వచ్చినా దగ్గు ఆగకపోతే సీటీ స్కాన్ అడగాలి.