లడ్లో

ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్ కౌంటీలో, వేల్స్ సరిహద్దుకు చేరువగా టీమ్ నది ఒడ్డున ఉన్న సంత పట్టణం. 11వ శతాబ్ది చివర డి లేసీ వంశీయులు ఇక్కడ రాతికోట కట్టగా, దాని ముంగిట ఊరు వెలిసింది. 7వ హెన్రీ పెద్దకొడుకు ఆర్థర్ 1502లో ఈ కోటలోనే మరణించాడు. సింహాసనం తమ్ముడికి, అంటే 8వ హెన్రీకి, దక్కడానికి అదే కారణం. కవి మిల్టన్ రాసిన ‘కోమస్’ నాటకాన్ని 1634లో తొలిసారి ప్రదర్శించిందీ ఇక్కడే. కోటగుమ్మం ఎదుటి చౌకులో నేటికీ సంత సాగుతోంది. 1619లో ఇల్లుగా కట్టిన ఫెదర్స్ హోటల్ ముఖభాగమంతా చెక్కడపు పనితో నిండిన కలప చట్రమే. సెయింట్ లారెన్స్ చర్చి గోపురం ఎత్తు సుమారు 41 మీటర్లు, కవి ఏ.ఇ. హౌస్‌మన్ చితాభస్మం ఆ ఆవరణలోనే ఉంది. డినమ్ వంతెన దాటి విట్‌క్లిఫ్ గుట్ట ఎక్కితే కోట, ఊరు మొత్తం కనిపిస్తాయి. తూర్పున 533 మీటర్ల టిటర్‌స్టోన్ క్లీ కొండపై పాత డోలరైట్ క్వారీల శిథిలాలు ఉన్నాయి.