ఈస్ట్రోజెన్ – దాహం – శరీర ద్రవ సమతుల్యత

ఈస్ట్రోజెన్ స్త్రీలలో ప్రధానంగా అండాశయాల నుంచి వెలువడే హార్మోన్. సంతానోత్పత్తితో పాటు దాహాన్నీ, మూత్రపిండాలు నీటిని నిలుపుకొనే తీరునూ ఇది ప్రభావితం చేస్తుంది. రక్తం ఎంత చిక్కబడితే మెదడు నీళ్లు అడగాలో నిర్ణయించే హద్దును ఈ హార్మోన్ కొంత కిందికి దించుతుంది. నెలసరి చక్రంలోనూ, గర్భం దాల్చినప్పుడూ, ముట్లుడిగిన తర్వాతా ద్రవ సమతుల్యతలో మార్పులు రావడానికి ఇదొక కారణం. జంషెడ్‌పూర్ వంటి వేడి పారిశ్రామిక ప్రాంతాల్లో మహిళా కార్మికుల ఆరోగ్యానికి ఈ విషయంతో నేరుగా సంబంధం ఉంది.

మెదడులో దాహ వ్యవస్థ

ఆరోగ్యవంతుల రక్తద్రవంలో కిలో నీటికి సుమారు 280–295 మిల్లీఆస్మోళ్ల పదార్థాలు కరిగి ఉంటాయి. ఈ సాంద్రత ఒకటి రెండు శాతం పెరిగినా హైపోథాలమస్ ముందు భాగంలోని కణాలు పసిగడతాయి. వెంటనే దాహం వేస్తుంది. హైపోథాలమస్‌లో తయారైన వాసోప్రెసిన్ పిట్యూటరీ గ్రంథి వెనుక భాగం నుంచి రక్తంలో కలుస్తుంది. దాని ప్రభావంతో మూత్రపిండాలు నీటిని తిరిగి పీల్చుకుంటాయి, మూత్రం తగ్గుతుంది.

దాహానికి రెండో దారి కూడా ఉంది. చెమట, విరేచనాలు, రక్తస్రావం వల్ల రక్త పరిమాణం తగ్గితే మూత్రపిండాలు రెనిన్ విడుదల చేస్తాయి. దాని మూలంగా తయారయ్యే యాంజియోటెన్సిన్-2, మెదడులోని సబ్‌ఫోర్నికల్ అవయవాన్ని చేరి దాహం పుట్టిస్తుంది. ఎలుకలపై జరిగిన పరిశోధనల్లో ఈ అవయవంలో ఈస్ట్రోజెన్ ఆల్ఫా గ్రాహకాలు, వాసోప్రెసిన్ తయారుచేసే కణాల్లో బీటా గ్రాహకాలు కనిపించాయి. అంటే ఈ హార్మోన్‌కు రెండు దారుల మీదా పట్టు ఉంది.

పరిశోధన చరిత్ర

నోరు, గొంతు ఎండడమే దాహమని 1918లో వాల్టర్ కానన్ ప్రతిపాదించాడు. 1937లో ఆల్ఫ్రెడ్ గిల్మన్ కుక్కలకు గాఢమైన ఉప్పు ద్రావణం, యూరియా ద్రావణం విడివిడిగా ఎక్కించి చూశాడు. ఉప్పు ఎక్కించినప్పుడే అవి ఎక్కువ నీళ్లు తాగాయి. కణాల్లోంచి నీరు బయటికి లాగబడటమే దాహానికి ముఖ్య కారణమని దీంతో తేలింది. రక్త సాంద్రతను కొలిచే గ్రాహకాలు మెదడులోనే ఉన్నాయని 1947లో వెర్నీ వివరించాడు. 1950ల తొలినాళ్లలో స్వీడన్‌లో బెంగ్ట్ ఆండర్సన్ మేకల హైపోథాలమస్‌లోకి ఉప్పు ద్రావణం ఎక్కించగానే అవి ఆత్రంగా నీళ్లు తాగాయి.

హార్మోన్ల పరిశోధన ఇదే కాలంలో వేరే దారిలో నడిచింది. 1923లో అమెరికాలో ఎడ్గర్ అలెన్, ఎడ్వర్డ్ డోయిసీ అండాశయ హార్మోన్ ప్రభావాన్ని నిరూపించారు. 1929లో డోయిసీ, జర్మనీలో బ్యుటెనాంట్ విడివిడిగా ఈస్ట్రోన్ అనే ఈస్ట్రోజెన్‌ను శుద్ధ రూపంలో రాబట్టారు. అయితే ఈ హార్మోన్‌ను చాలాకాలం గర్భాశయం, రొమ్ములకు సంబంధించిన విషయంగానే చూశారు. వేడిలో నీటి అవసరంపై పేరొందిన తొలి అధ్యయనాలు సైనికుల మీద, గని కార్మికుల మీద, అంటే మగవారి మీదే ఎక్కువగా జరిగాయి. వాటిలో తేలినవే అందరికీ ప్రమాణాలయ్యాయి.

ఈ రెండు దారులూ 1970ల చివర కలిశాయి. 1970లో ఎప్‌స్టీన్, ఫిట్జ్‌సైమన్స్, రోల్స్ ఎలుకల మెదడులోకి యాంజియోటెన్సిన్ ఎక్కించి దాహం పుట్టించారు. 1979లో ఫిండ్లే, ఫిట్జ్‌సైమన్స్, కుచార్చిక్ ఆడ ఎలుకల్లో ఈ దాహం ఈస్ట్రస్ చక్రాన్ని (ఎలుకల సంతానోత్పత్తి చక్రాన్ని) బట్టి, అండాశయ హార్మోన్లను బట్టి మారుతుందని చూపారు. ఈస్ట్రోజెన్ ఇచ్చిన ఎలుకలు యాంజియోటెన్సిన్‌కు స్పందించి తాగే నీరు తగ్గిందని తర్వాతి ప్రయోగాలు తేల్చాయి.

మనుషుల్లో ఈస్ట్రోజెన్ ప్రభావం తేలడానికి రక్తంలో వాసోప్రెసిన్‌ను కచ్చితంగా కొలిచే పద్ధతి కావలసి వచ్చింది. 1970లలో గ్యారీ రాబర్ట్‌సన్ దాన్ని అభివృద్ధి చేశాడు. అండం విడుదలయ్యాక వచ్చే దశలో దాహానికీ, వాసోప్రెసిన్ విడుదలకూ ఉన్న హద్దు సుమారు 5 మిల్లీఆస్మోళ్లు తగ్గుతుందని 1988లో ఆయన బృందం ప్రకటించింది. ఆ దశలో ప్రొజెస్టరాన్ కూడా ఎక్కువే కాబట్టి ఏ హార్మోన్ వల్ల ఈ మార్పు వచ్చిందో విడదీయాల్సి వచ్చింది. యేల్‌కు అనుబంధంగా పనిచేసిన జాన్ పియర్స్ ప్రయోగశాలలో నీనా స్టాకెన్‌ఫెల్డ్ బృందం ఆ పని చేసింది. ముట్లుడిగిన స్త్రీలకు ఈస్ట్రోజెన్ ఇచ్చి 1998లో, యువతుల సొంత హార్మోన్లను మందుతో ఆపి ఈస్ట్రోజెన్ ఇచ్చి ఆ తర్వాత, వాసోప్రెసిన్ హద్దు తగ్గుతుందని చూపింది.

గర్భధారణ, శస్త్రచికిత్స

గర్భిణుల రక్త సాంద్రత తొలి వారాల నుంచే సుమారు 10 మిల్లీఆస్మోళ్లు తగ్గి, ప్రసవం దాకా అక్కడే నిలుస్తుంది. ఈ మార్పులో ఈస్ట్రోజెన్ కంటే రిలాక్సిన్ హార్మోన్ పాత్ర పెద్దది. ఇది జబ్బు కాదు, సహజమైన సర్దుబాటు.

ఒంట్లో నీరు ఎక్కువై రక్తంలో సోడియం బాగా పడిపోయినప్పుడు మాత్రం ప్రమాదం ఉంది. శస్త్రచికిత్స తర్వాత సోడియం తగ్గి మెదడు వాచిన రోగుల్లో, నెలసరి వయసు స్త్రీలకు మరణం లేదా శాశ్వత మెదడు దెబ్బ ముప్పు పురుషులకంటే 25 రెట్లు ఎక్కువని 1992లో ఆయుస్, ఆరీఫ్ బృందం నివేదించింది. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లు అతిగా తాగినా సోడియం పడిపోవచ్చు.

జంషెడ్‌పూర్ సందర్భం

సువర్ణరేఖ, ఖర్కయి నదుల సంగమం దగ్గర వెలసిన ఈ ఉక్కు నగరంలో 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలైంది. ఇక్కడ వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, దానికి కొలిమి సెగ తోడవుతుంది. తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. 'రేజాలు' అని పిలిచే మహిళా కూలీలు కర్మాగార నిర్మాణంలో, మోతపనుల్లో పాల్గొన్నారు. ఈ కర్మాగారాన్ని నడిపే టాటా సంస్థ 1912లో ఎనిమిది గంటల పనిదినాన్ని, 1928లో ప్రసూతి సహాయాన్ని అమలుచేసింది. దేశవ్యాప్త ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది 1961లో. 2019 నుంచి జార్ఖండ్‌లోనే ఈ సంస్థకున్న నోవాముండి ఇనుప గనిలో మహిళలు అన్ని షిఫ్టుల్లోనూ పనిచేస్తున్నారు.

250 మందికి మించి పనిచేసే ఫ్యాక్టరీల్లో వేసవిలో చల్లని తాగునీరు, ప్రతి ఫ్యాక్టరీలోనూ స్త్రీలకు విడిగా మరుగుదొడ్లు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం నిర్దేశించింది. ఈ రెండింటినీ కలిపి చూడాలి. మరుగుదొడ్డి లేని చోట ఆడవాళ్లు దాహాన్ని ఓర్చుకుని నీళ్లు తాగడం మానేస్తారు. మెదడు సకాలంలో అడిగినా శరీరానికి నీరు అందదు. ఎండలో, కొలిమి దగ్గర పనిచేసే స్త్రీలకు తాగునీరు, మజ్జిగ లేదా ఓఆర్‌ఎస్ రూపంలో ఉప్పు, దగ్గరలో మరుగుదొడ్డి – ఈ మూడూ సమకూర్చడం యాజమాన్యాల బాధ్యత.