గనితో పుట్టి, గనిని దాటి బతికిన జట్టు

భద్రాచలం రోడ్డు స్టేషన్ నుంచి చండ్రుగొండ మీదుగా సత్తుపల్లికి 54 కిలోమీటర్ల రైలు మార్గం బొగ్గు కోసం పడినట్టే, కెనడాలో మానిటోబా, సస్కాచెవాన్ రాష్ట్రాల సరిహద్దున ఉన్న ఫ్లిన్ ఫ్లాన్‌కు 1928లో రైలు వచ్చింది రాగి, జింకు ఖనిజాల కోసమే. అక్కడ తవ్వకాలకు హడ్సన్ బే మైనింగ్ అండ్ స్మెల్టింగ్ కంపెనీ ఏర్పడిన 1927లోనే ‘బాంబర్స్’ అనే ఐస్ హాకీ జట్టు కూడా పుట్టింది. అంటే ఊరికి పట్టాలు పడకముందే జట్టు కుదిరిందన్నమాట.

గడ్డకట్టిన మంచు మీద, ఇనుప అంచున్న బూట్లతో జారుతూ, బంతికి బదులు ‘పక్’ అనే గట్టి రబ్బరు బిళ్లను కర్రతో కొట్టే ఆట ఐస్ హాకీ; ఇరవై ఏళ్ల వరకు వయసున్న కుర్రాళ్లు ఆడేదాన్ని జూనియర్ హాకీ అంటారు. చలికాలమంతా మంచులో కూరుకుపోయే ఆ మారుమూల ఊళ్లో కార్మికులను నిలుపుకోవడానికి ఆట అవసరమని గుర్తించిన కంపెనీ ఆటగాళ్లకు గనిలో పని చూపించింది. దీన్ని కేవలం దాతృత్వమనుకోవడం పొరపాటు. సింగరేణిలో వర్క్ పీపుల్స్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ నడిపే పోటీలను ఎరిగిన పాఠకులకు ఈ ఏర్పాటు కొత్తగా తోచదు; తేడా ఏమంటే, సింగరేణిలో కార్మికుడు ఆటగాడైతే, ఫ్లిన్ ఫ్లాన్‌లో ఆటగాడే కార్మికుడయ్యాడు.

1957లో బాంబర్స్ కెనడా జూనియర్ హాకీలో అత్యున్నతమైన మెమోరియల్ కప్ ఫైనల్‌కు చేరినప్పుడు ఎదురైన అటావా కెనడియన్స్ జట్టు, మాంట్రియల్ కెనడియన్స్ అనే మహా క్లబ్ అండతో, శాం పోలక్ శిక్షణలో తయారైనది. బాబీ కర్క్ శిక్షకుడిగా, టెడ్ హాంప్సన్ నాయకుడిగా దిగిన గని ఊరి కుర్రాళ్లు ఏడో మ్యాచ్ దాకా పోరాడి, 4–3 మ్యాచ్‌ల తేడాతో కప్పు గెలుచుకున్నారు.

ఆ జట్టులో ఆడిన ప్యాట్ గినెల్ తరవాత శిక్షకుడై, 1969లోనూ 1970లోనూ పశ్చిమ కెనడా లీగ్ టైటిళ్లు సాధించిపెట్టాడు. అతని చేతిలో ఎదిగినవాడే గని కార్మికుడి కొడుకు బాబీ క్లార్క్. మధుమేహమున్న ఈ కుర్రాణ్ణి పెద్ద క్లబ్‌లు నమ్మవని తెలిసిన గినెల్, అతణ్ణి అమెరికాలోని మేయో క్లినిక్‌కు తీసుకువెళ్లి, ఆడగలడని వైద్యుల చేత రాయించుకు వచ్చాడు. అయినా ఆ పెద్ద క్లబ్‌లు ఆటగాళ్లను వరసగా ఎంచుకునే 1969 ఎంపికల్లో క్లార్క్‌కు 17వ స్థానమే దక్కింది. తనను ఎంచుకున్న ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ క్లబ్‌కు నాయకత్వం వహించి 1974, 1975లలో వృత్తి హాకీలో అత్యున్నతమైన స్టాన్లీ కప్ గెలిపించాక గాని ఆ అనుమానాలు తీరలేదు.

ఖర్చు పెరిగి, దూరాలు భారమై, 1978లో పశ్చిమ కెనడా పెద్ద జూనియర్ లీగ్‌లో బాంబర్స్‌కున్న స్థానం ఎడ్మంటన్‌కు తరలిపోయింది. 1984 నుంచి బాంబర్స్ సస్కాచెవాన్ జూనియర్ లీగ్‌లో, అంటే ఒక మెట్టు కింద, ఆడుతున్నారు. ఊళ్లో ఖనిజాన్ని కరిగించే కొలిమి 2010లో ఆగింది. ‘777’ అనే గని 2022 జూన్‌లో మూతపడింది. అదే ఏడాది బాంబర్స్ తమ లీగ్ ఫైనల్‌కు చేరి, ఎస్తెవాన్ బ్రూయిన్స్ చేతిలో ఓడారు.