సముద్రపు గోడకు తునివాళ్ళు ఎందుకివ్వాలి?



పోయిన నెల ఆరాధన అయ్యాక జరిగిన మాటలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. మనకు తూర్పున తీరంలో ఉన్న ఒక పల్లె నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ పేదలకు మందులిచ్చే చిన్న ఆసుపత్రి ఒకటి ఉంది. వాయుగుండం రోజుల్లో పోటు ఎక్కువై, సముద్రం వైపున్న రాళ్ళ గోడ సగం కూలిపోయింది. ఇంకో తుఫాను వస్తే ప్రసవాల గది నిలవదు, సాయం చేయండి అని రాశారు. మన దగ్గర ఉన్నదల్లా మందిరం ప్రహరీ కోసం మూడేళ్ళుగా కూడబెట్టిన డబ్బు. అప్పుడు మన పెద్దల్లో ఒక సహోదరుడు లేచి, "అయ్యగారూ, మనది తాండవ ఒడ్డు. సముద్రానికీ మనకూ ఏమిటి సంబంధం? మన గోడే లేకుండా వాళ్ళ గోడ కట్టడమా?" అని అడిగారు.

ఆయన్ను తప్పు పట్టకండి. అది న్యాయమైన ప్రశ్న. జవాబు చెప్పడానికి మేము రెండు ఆదివారాలు గడువు అడిగాము. ఈలోగా చరిత్ర కొంత తిరగేశాము. చదివినది మీ ముందు పెడుతున్నాము.

మన తీరం మర్చిపోయిన సంగతి

కాకినాడకు దక్షిణాన, గోదావరి పాయ దగ్గర కోరంగి ఉంది. ఇప్పుడు మనం మడ అడవులు చూడటానికి పిల్లల్ని తీసుకెళ్ళే చోటు. ఒకప్పుడు అది ఓడలు కట్టే పేరున్న రేవు. 1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెనకు అక్కడ ఇరవై వేల మంది పోయారని రాశారు. బతికినవాళ్ళు మళ్ళీ కట్టుకున్నారు. 1839 నవంబరు 25న ఇంకో ఉప్పెన వచ్చింది. అల 40 అడుగుల ఎత్తున లేచిందనీ, ఓడలు ఊళ్ళ మీదికి కొట్టుకొచ్చాయనీ, చనిపోయినవాళ్ళు మూడు లక్షల దాకా ఉంటారనీ పాత పుస్తకాలు చెబుతాయి. ఆ దెబ్బతో కోరంగి రేవుగా మళ్ళీ లేవలేదు. 'సైక్లోన్' అనే ఇంగ్లీషు మాటను కలకత్తాలో ఉండి కనిపెట్టిన హెన్రీ పిడింగ్టన్ చెప్పుకొచ్చిన తుఫానుల్లో మన కోరంగి తుఫాను కూడా ఉంది. పాము చుట్టను గుర్తుకు తెచ్చే గ్రీకు పదం నుంచి ఆయన ఆ పేరు తీశాడు. ప్రపంచమంతా వాడే మాట వెనుక మన జిల్లా కన్నీళ్ళు ఉన్నాయన్నమాట.

కోరంగి పోయింది, కాకినాడ నిలిచింది. కాకినాడకు ఎదురుగా గోదావరి తెచ్చిన ఇసుకే పొడవాటి మేటగా పెరిగింది. అదే హోప్ ఐలాండ్, సుమారు 16 కిలోమీటర్లు. పెద్ద అలలు దానికి తగిలి విరిగిపోతాయి కాబట్టి లోపల నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. ఏ కాంట్రాక్టరూ కట్టని గోడ అది.

అయితే ఆ మేటకు ఉత్తరాన ఉప్పాడ ఉంది. జాందానీ చీరల ఉప్పాడే. మన తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. దారిలో ఎక్కడైనా ఆగిందంటే, ఆ పైనున్న ఊరికి అందాల్సిన ఇసుక అందదు. అలలు మాత్రం రావడం మానవు, తీరాన్ని కోస్తూనే ఉంటాయి. హోప్ ఐలాండ్ పెరగడం, గోదావరి మీద ఆనకట్టల వల్ల కిందికొచ్చే ఒండ్రు తగ్గడం ఉప్పాడ కోతకు కారణాలని తీరాన్ని చదివినవాళ్ళు చెబుతారు. ఇళ్ళు పోయాయి, గుడి పోయింది, కాకినాడ బీచ్ రోడ్డు ఎన్నిసార్లు తెగిందో లెక్కలేదు. 2010 ప్రాంతంలో గట్టి గుడ్డతో చేసిన పెద్ద పెద్ద గొట్టాలలో ఇసుక నింపి గోడలా పరిచారు. కొంతకాలం కాపాడింది. తరువాత తుఫానులు దాన్ని కూడా చీల్చాయి.

మద్రాసులోనూ ఇదే జరిగింది. 1876 తరువాత హార్బరు గోడలు కట్టారు. వాటికి దక్షిణాన ఇసుక చేరి మెరీనా బీచ్ వెడల్పయింది. ఉత్తరాన రాయపురం వైపు జాలరి పేటలు సముద్రంలో కలిశాయి. పట్నం వాళ్ళు షికారుకు వెళ్ళే ఇసుక, ఇంకొకరి వాకిలి ముందు ఉండవలసిన ఇసుక.

"సముద్రానికీ మనకూ ఏమిటి సంబంధం" అన్న మాటకు ఇది మొదటి జవాబు. మనం తినే చేప, మన బండ్లు నడిచే రోడ్డు, మన పిల్లలు ఉద్యోగాలు చేసే రేవు అన్నీ ఆ తీరం మీదే ఉన్నాయి. లాభం లోపలికి వస్తోంది, కోత ఒడ్డున ఉన్నవాళ్ళకు మిగులుతోంది.

తన గోడకు తానే అప్పిచ్చుకున్న పట్టణం

ఇక సముద్రం అవతలి చరిత్ర ఒకటి. అమెరికాలో టెక్సాస్ తీరాన గాల్వెస్టన్ అనే పట్టణం ఇసుక దీవి మీద ఉంది. 1900 నాటికి అక్కడ దాదాపు 38,000 మంది ఉండేవారు. పత్తి ఎగుమతితో డబ్బున్న ఊరు. జాన్ సీలీ అనే వ్యాపారి వీలునామాలో 50,000 డాలర్లు ధర్మానికి వదిలాడు. ఆ డబ్బుతో మొదలైన ఆసుపత్రి 1890లో తెరుచుకుంది. అంతకు ముందే కథోలిక సన్యాసినులు అక్కడ ఆసుపత్రి, సముద్రపు ఒడ్డున అనాథాశ్రమం నడుపుతున్నారు.

దగ్గరలో ఇండియనోలా అనే రేవు 1875లో, మళ్ళీ 1886లో తుఫాను దెబ్బకు నాశనమైంది. అప్పుడు గాల్వెస్టన్ పెద్దలు మనకూ గోడ కావాలని మాట్లాడుకున్నారు. ఖర్చు చూసి వాయిదా వేశారు. 1891లో అక్కడి వాతావరణ శాఖ అధికారి ఐజక్ క్లైన్, మన ఊరికి అంత పెద్ద ప్రమాదం వస్తుందనుకోవడం భ్రమ అని పత్రికలో రాశాడు. ఆ మాట అందరికీ నచ్చింది. ఖర్చు తప్పించే మాట ఎవరికి నచ్చదు?

1900 సెప్టెంబరు 8న తుఫాను వచ్చింది. ఊరిలో అన్నిటికన్నా మెరక చోటు 9 అడుగులు కూడా లేదు. నీరు 15 అడుగులకు పైగా లేచింది. ఆరు వేల నుంచి ఎనిమిది వేల మంది, ఇంకా ఎక్కువే అన్నవాళ్ళూ ఉన్నారు, ఒక్క రాత్రిలో పోయారు. ఐజక్ క్లైన్ భార్య, ఆమె కడుపులోని బిడ్డ కూడా ఆ లెక్కలో ఉన్నారు. అనాథాశ్రమంలో సన్యాసినులు బట్టలారేసే తాళ్ళు తెచ్చి, పిల్లలను తమ నడుములకు కట్టుకున్నారు. విడిచిపెట్టకూడదని. పదిమంది సన్యాసినులు, తొంభై మంది పిల్లలు చనిపోయారు. ముగ్గురు అబ్బాయిలు మాత్రం ఒక చెట్టు పట్టుకుని బతికారు. ఈ భాగం చదివిన రోజు మేము ఇంకేమీ చదవలేకపోయాము.

మిగిలినవాళ్ళు ఊరు వదిలిపోలేదు. ముగ్గురు ఇంజనీర్లను పిలిపించారు. గోడకు 15 లక్షల డాలర్లు అవుతుందని తేలింది. మన జిల్లా లాంటి కౌంటీ బాండ్లు పెట్టింది. మునిగిపోయిన ఊరికి బయటివాళ్ళు అప్పివ్వడానికి వెనకాడారు. అప్పుడు ఊరివాళ్ళే ఆ బాండ్లు కొన్నారు. ఇల్లు పోయినవాళ్ళు, బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళు కూడా చేయి వేశారు. 1902 అక్టోబరులో పని మొదలై 1904 జూలైలో మొదటి భాగం పూర్తయింది. మూడు మైళ్ళకు పైగా పొడవు, 17 అడుగుల ఎత్తు, అడుగున 16 అడుగుల మందం, పైన 5 అడుగులు. పాదం కోసుకుపోకుండా ముందు పెద్ద రాళ్ళు పరిచారు.

గోడ వెనుక నేల పల్లంగా ఉంటే లాభం లేదని ఊరినే ఎత్తారు. రెండు వేలకు పైగా కట్టడాలను జాకీలతో లేపి కింద ఇసుక నింపారు. ఎవరి ఇల్లు లేపుకునే ఖర్చు వారే పెట్టుకున్నారు. 3,000 టన్నుల సెయింట్ పాట్రిక్ చర్చిని 700 జాకీలు పెట్టి 5 అడుగులు లేపారు. 1911 దాకా ఏళ్ళ తరబడి జనం చెక్క బల్లల మీద నడిచి బజారుకు వెళ్ళారు. 1915లో అదే స్థాయి తుఫాను మళ్ళీ వచ్చింది. గోడ వెనుక ఊరు నిలిచింది.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. గోడ ముందున్న ఇసుక తీరం క్రమంగా కోసుకుపోయింది. ఇంకా పెద్ద సంగతి 2008 సెప్టెంబరులో జరిగింది. ఐక్ అనే తుఫానులో నీరు గోడ ఉన్న వైపు నుంచి కాక వెనక ఖాతం వైపు నుంచి వచ్చింది. జాన్ సీలీ ఆసుపత్రి కింది అంతస్తు మునిగి నెలల తరబడి మూతపడింది. వేలమంది ఉద్యోగాలు పోయాయి. దీవి మీద ఆసుపత్రి ఇక అనవసరమన్నవాళ్ళు కూడా లేచారు. మళ్ళీ నిలబెట్టడానికి ప్రభుత్వం డబ్బుతో పాటు, సీలీ కుటుంబం 1922లో పెట్టిన ధర్మనిధి 17 కోట్ల డాలర్లు ఇస్తానంది. కొత్త ఆసుపత్రి 2016లో తెరుచుకుంది. 1884లో చనిపోయిన మనిషి మొదలుపెట్టిన దానం అన్నేళ్ళ తరువాత కూడా రోగులకు మంచం వేసింది.

మనకు ఎవరిచ్చారు?

ఇప్పుడు మన తుని సంగతికి వద్దాం. 1874లో జాన్ మెక్లారిన్ గారు కాకినాడ వచ్చారు. 1878లో కర్రీ గారు తునిలో కెనడా బాప్టిస్టు మిషను పని మొదలుపెట్టారు. తరువాత పిఠాపురంలో ఆసుపత్రి లేచింది. మన అమ్మమ్మలు ఎడ్లబండి మీద ప్రసవానికి అక్కడికే వెళ్ళేవారు. ఆ మిషను వెనుక 1876లో ఒంటారియో, క్యూబెక్ ప్రాంతాల బాప్టిస్టు స్త్రీలు పెట్టుకున్న సమాజం ఉంది. వాళ్ళు పొలాల మీద బతికే ఇల్లాళ్ళు, కుట్టుపని చేసేవాళ్ళు. చిన్న చిన్న కానుకలు కూడబెట్టి పంపారు. తాండవ నది పేరు కూడా వాళ్ళు విని ఉండరు. "తునికీ మనకూ ఏమిటి సంబంధం?" అని వాళ్ళు ఆగిపోయి ఉంటే మనం ఈ ప్రశ్న అడగడానికి ఈ మందిరంలో కూర్చుని ఉండేవాళ్ళం కాదు.

నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం పేర్ల పట్టిక అని చాలామంది దాటేస్తారు. ఈసారి నిదానంగా చదవండి. యెరూషలేము గోడ బాగుచేసినవారిలో బంగారు పనివాళ్ళున్నారు, సుగంధ ద్రవ్యాలు చేసేవాళ్ళున్నారు, కుమార్తెలతో కలిసి పని చేసిన తండ్రి ఉన్నాడు. యెరికో వాళ్ళు, తెకోవ ఊరివాళ్ళు కూడా ఉన్నారు. ఆ గోడ వెనుక వాళ్ళ ఇళ్ళు లేవు. తెకోవ వాళ్ళైతే ఒక భాగం ముగించి రెండో భాగం కూడా ఎత్తారు. వాళ్ళ ఊరి ఘనులు మాత్రం మెడ వంచలేదని అక్కడే రాసి ఉంది. ఆ రోజు పల్లెలు వచ్చి పట్టణానికి గోడ కట్టాయి. ఈ రోజు పట్టణంలో ఉన్న మనం పల్లెకు వెళ్ళాలి.

ఒక జాలరి తల్లి మాట

ఇంత చదివాక ఇవ్వడమే మంచిదని మాకు అనిపించింది. అయినా కళ్ళతో చూడకుండా మీకు చెప్పకూడదని, యవ్వనస్థులు ఇద్దరితో కలిసి ఆ పల్లెకు వెళ్ళాము. ఆసుపత్రికి ఉత్తరాన వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దావిడ మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టింది. గోడ కోసం వచ్చామని చెప్పాము. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మంచిదేనండి అయ్యగారూ. గోడ అక్కడిదాకా కట్టి ఆపేత్తే, అల తిరిగి మా ఇంటి మీదికొచ్చేత్తాదండి. మా సంగతి కూడా సూడండి" అంది.

ఆమె ఉప్పాడ మీద వచ్చిన పుస్తకాలేవీ చదవలేదు. వాటిలో ఉన్నదే ఒక్క మాటలో చెప్పింది. గోడ చివర దగ్గర కోత ఎక్కువవుతుందని ఇంజనీర్లు చెప్పేది అదే. మనం మంచి మనసుతో కట్టిన గోడ ఆ తల్లి ఇంటిని కూలిస్తే, అది దానం ఎలా అవుతుంది?

కాబట్టి సంఘం ముందు మేము పెట్టే మాట ఇది. ప్రహరీ డబ్బులో సగం ఆ గోడకు ఇద్దాం. ఊరికే రాళ్ళు పోయడానికి కాదు. తీరం తెలిసిన ఇంజనీరుతో చూపించి, కోస్తా నియంత్రణ నిబంధనల ప్రకారం అనుమతి తీసుకుని, రాళ్ళ కింద ఇసుక జారకుండా గుడ్డ పరిచి, పాదం గట్టిగా వేసి, చివర అల ఇళ్ళ మీదికి మళ్ళకుండా కట్టాలి. ఉత్తరం వైపు ఇళ్ళ ముందు సరుగుడు మొక్కలు నాటడం అదే లెక్కలో ఉండాలి. పని చూసే కమిటీలో ఆ పేట నుంచి ఇద్దరు ఉండాలి, అందులో ఒకరు స్త్రీ అయితే మంచిది. గాల్వెస్టన్ వాళ్ళు ఒకవైపే చూసి వెనక వైపు మర్చిపోయారు. మనం ముందే నాలుగు వైపులా చూద్దాం.

మన ప్రహరీ ఇంకో రెండేళ్ళు ఆగుతుంది. ఈలోగా మేకలు వచ్చి పూలమొక్కలు తింటాయి. తిననివ్వండి.

ప్రశ్న అడిగిన సహోదరునికి నిన్న ఇవన్నీ చెప్పాము. ఆయన చాలాసేపు ఆలోచించి, "అయ్యగారూ, ఇస్తే ఇద్దాం. కానీ లెక్క రాసే పుస్తకం నా దగ్గర ఉండాలి" అన్నారు. అంతకంటే మంచి జవాబు మాకు ఎవరూ ఇవ్వలేదు. వచ్చే ఆదివారం ఆరాధన తరువాత అందరూ ఆగండి. ఒప్పుకోనివాళ్ళు కూడా తప్పక ఆగండి, మీ మాట కూడా కావాలి. ఆ లోపు ఒక్కరోజైనా ఆ పల్లెలోని తల్లులను పేరుపేరునా ప్రార్థనలో తలచుకోండి. ప్రభువు మీ ఇంటి గోడలను కాపాడును గాక. ఆమేన్.