స్కానింగ్

‘స్కానింగ్‌కి రాశారు’ అంటే మనకు ముందు గుర్తొచ్చేది కడుపుతో ఉన్న అమ్మాయే. నిజానికి ఈ మాట ఆసుపత్రిలో పుట్టలేదు, ఛందస్సులో పుట్టింది. లాటిన్‌లో ‘స్కాండెరే’ అంటే ఎక్కడం. పద్యపాదాన్ని గణాలుగా విడదీయడానికీ అదే మాట. ఇంగ్లిష్ ‘స్కాన్’కు తొలి అర్థం ఇదే, మనం గురులఘువులు గుర్తించినట్టు! తర్వాత నిశితంగా చూడడమైంది, చివరికి యంత్రాలకెక్కింది.

1971లో లండన్‌లో తొలిసారి ఒక రోగి తలకు సీటీ స్కాన్ తీశారు. అందులోని ‘టి’ టోమోగ్రఫీ; గ్రీకులో ‘టోమోస్’ అంటే ముక్క. ఒంటిని పొరలు పొరలుగా చూపిస్తుంది కాబట్టి పేరు అతికింది.

సీటీలో వాడేది ఎక్స్‌రేలు, ఎమ్మారైలో అయస్కాంతం, గర్భిణికి చేసే అల్ట్రాసౌండ్‌లో శబ్ద తరంగాలు. అన్నిటినీ ‘స్కానింగ్’ అనేస్తే చిక్కే. చీటీలో ఏది రాశారో చూసుకోండి. గర్భమున్నా, పేస్‌మేకరున్నా ముందే చెప్పండి.